డేటా ఉన్నచోటే దాని లెక్క

రిలేషనల్ డేటాబేస్‌లో సమాచారమంతా టేబుళ్లలో ఉంటుంది. 1970లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించిన ఈ పద్ధతిలో ఒక్కో గడిలో ఒక అంకో, పేరో, తేదీయో ఉంటుంది. ఇంటి స్థలం అలా ఒక్క అంకెలో ఇమడదు. దానికి పొడవూ వెడల్పూ ఉంటాయి, వాటి నుంచి విస్తీర్ణం లెక్కగట్టాలి. ఇలాంటి వాటికి సొంతంగా ఆబ్జెక్ట్ టైప్ తయారుచేసుకునే వీలు ఒరాకిల్ డేటాబేస్‌లో 1997లో, 8వ వెర్షన్‌తో వచ్చింది. రెండేళ్లకు డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోనూ దానికి చోటు దక్కింది.

ఆబ్జెక్ట్ టైప్‌లో దాచే విలువలను అట్రిబ్యూట్లు అంటారు, వాటితో చేసే పనులను మెథడ్‌లు అంటారు. 'స్థలం' అనే టైప్‌కు పొడవు, వెడల్పు అట్రిబ్యూట్లయితే, విస్తీర్ణం లెక్కగట్టేది మెథడ్. ఈ లెక్క టైప్‌లోనే ఉంటే ఆ డేటాబేస్‌ను వాడే ప్రతి అప్లికేషన్‌లోనూ విడివిడిగా రాయనక్కర్లేదు. ఒకచోట చదరపు గజాలు, మరోచోట చదరపు అడుగులు వచ్చే గందరగోళం తప్పుతుంది.

మెథడ్‌ను రెండు దశల్లో రాస్తారు. మొదట 'క్రియేట్ టైప్' ఆదేశంలో అట్రిబ్యూట్లను, మెథడ్ పేరును, అది తిరిగిచ్చే విలువ రకాన్ని ప్రకటించాలి. తర్వాత 'క్రియేట్ టైప్ బాడీ' ఆదేశంలో అసలు లెక్కను రాయాలి. రెండుచోట్లా మెథడ్ పేరు, పారామీటర్లు సరిపోలకపోతే బాడీ కంపైల్ కాదు. మెథడ్‌లు లేని టైప్‌కు బాడీతో పనిలేదు. ఈ విభజన వల్ల లెక్కలో పొరపాటు దొరికితే బాడీ ఒక్కటే మార్చవచ్చు, టేబుళ్లలోని డేటా జోలికి పోనక్కర్లేదు. అట్రిబ్యూట్లనే మార్చాల్సి వస్తే మాత్రం, ఆ టైప్ మీద ఆధారపడ్డ టేబుళ్లను చూసుకుంటూ 'ఆల్టర్ టైప్' వాడాలి.

మెథడ్‌లలో రకాలున్నాయి. మెంబర్ మెథడ్ ఒక నిర్దిష్ట ఆబ్జెక్ట్ మీద పనిచేస్తుంది. ఆ ఆబ్జెక్ట్ 'సెల్ఫ్' అనే పారామీటర్‌గా దానంతటదే అందుతుంది. స్టాటిక్ మెథడ్‌కు సెల్ఫ్ ఉండదు, దాన్ని టైప్ పేరుతో పిలుస్తారు. కొత్త ఆబ్జెక్ట్‌ను తయారుచేసేది కన్‌స్ట్రక్టర్. అన్ని అట్రిబ్యూట్లనూ వరుసగా తీసుకునే కన్‌స్ట్రక్టర్‌ను ఒరాకిల్ తనే సమకూరుస్తుంది. సున్నా పొడవును తిరస్కరించడం వంటి తనిఖీలు కావాలంటే సొంతంగా రాసుకోవచ్చు. క్వెరీలో కాలమ్‌లోని ఆబ్జెక్ట్ మెథడ్‌ను పిలిచేటప్పుడు టేబుల్‌కు ఎలియాస్ (మారుపేరు) ఇవ్వాలి. పారామీటర్లు లేకపోయినా మెథడ్ పేరు పక్కన ఖాళీ బ్రాకెట్లు పెట్టాలి.

అన్నింటికన్నా జాగ్రత్తగా ఆలోచించాల్సింది పోలిక గురించి. రెండు అంకెల్లో ఏది పెద్దదో డేటాబేస్‌కు తెలుసు. రెండు స్థలాల్లో ఏది పెద్దదో టైప్ రాసినవారే చెప్పాలి. చెప్పకపోతే అట్రిబ్యూట్లన్నీ ఒకటేనా కాదా అన్నంతవరకే డేటాబేస్ చూడగలదు, పెద్దాచిన్నా వరుసలో పేర్చలేదు. ఇందుకు రెండు మార్గాలున్నాయి. మ్యాప్ మెథడ్ ప్రతి ఆబ్జెక్ట్‌నూ పోల్చదగిన ఒక్క విలువగా మారుస్తుంది. ఆర్డర్ మెథడ్ రెండు ఆబ్జెక్టులను పక్కపక్కన పెట్టి, మొదటిది చిన్నదైతే రుణ సంఖ్య, సమానమైతే సున్నా, పెద్దదైతే ధన సంఖ్య ఇస్తుంది. ఒక టైప్‌లో వీటిలో ఏదో ఒక్కటే ఉండాలి. వేల వరుసలను క్రమంలో పేర్చాలంటే మ్యాప్ వేగవంతం. ఆర్డర్‌ను జత జతకూ మళ్లీ మళ్లీ పిలవాల్సి వస్తుంది.

విస్తీర్ణాన్నే మ్యాప్‌గా ఇచ్చారనుకుందాం. 36 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవున్న స్థలం 200 గజాలు. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవున్నదీ 200 గజాలే. డేటాబేస్ దృష్టిలో ఆ రెండూ సమానమైపోతాయి, 'డిస్టింక్ట్' అడిగితే ఒక్కటే కనిపిస్తుంది. కొనేవారికి అవి ఒకటి కావు. ఆ తేడా నిలవాలంటే విస్తీర్ణం సమానమైనప్పుడు వెడల్పును కూడా చూసే ఆర్డర్ మెథడ్ రాయవచ్చు. అందువల్ల 'సమానం' అంటే ఏమిటో ముందే తేల్చుకుని, ఆ తర్వాతే మ్యాప్, ఆర్డర్‌లలో ఏది రాయాలో నిర్ణయించుకోవాలి.