ఫోన్‌లో సౌండ్ విని ట్రక్కుకు మఫ్లర్ కొంటున్నారా? అసలు మోత వీడియోలో వినపడదు!

పికప్ ట్రక్కు కొన్నారు. బండి బాగుంది, లాగుడు బాగుంది. కానీ స్టార్ట్ చేస్తే ట్రక్కులా కాకుండా కారులా వినిపిస్తోంది. అంతే.. రాత్రి పడుకునే ముందు ఫోన్ పట్టుకుని ఎగ్జాస్ట్ వీడియోలు చూడటం మొదలు. ఒకదాంట్లో గర్జన, ఇంకోదాంట్లో ఉరుము. నచ్చినదాన్ని కార్ట్‌లో వేసేయడమే ఆలస్యం. అమెరికాలో ఉంటూ పికప్ కొన్న మనవాళ్లలో చాలామందికి ఈ సీన్ కొత్తేం కాదు.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. ఆ వీడియోలో మీకు వినిపించేది మఫ్లర్ చేసే శబ్దంలో ఒక భాగమే. రేపు హైవే మీద మూడు గంటలు మిమ్మల్ని వేధించబోయే భాగం ఫోన్ స్పీకర్‌లోంచి బయటకే రాదు. ఎందుకో చూద్దాం.

ఒకప్పుడు అమెరికన్ పికప్ అంటే వి8 ఇంజినే. ఇప్పుడు లెక్క మారింది. షెవర్లే సిల్వరాడో 1500లో 2.7 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో ఇంజిన్ వస్తోంది. 310 హార్స్‌పవర్, 430 పౌండ్-ఫీట్ టార్క్. 2019లో అమెరికాకు తిరిగొచ్చిన ఫోర్డ్ రేంజర్‌లో 2.3 లీటర్ల ఎకోబూస్ట్. 2024 మోడల్ నుంచి టయోటా టకోమాలో 2.4 లీటర్ల టర్బో. శక్తికి లోటు లేదు. గొంతే వేరు.

టర్బోనే మొదటి సైలెన్సర్

మన దగ్గర సైలెన్సర్ అనేదాన్నే అక్కడ మఫ్లర్ అంటారు. టర్బో బండిలో ఇంజిన్ నుంచి వచ్చే పొగ నేరుగా మఫ్లర్‌కు వెళ్లదు. ముందు టర్బో లోపలి చక్రాన్ని తిప్పుతుంది. ఆ పనిలోనే దాని వేగం, వేడి, ఒత్తిడి కొంత ఖర్చయిపోతాయి. పదునైన శబ్దం అక్కడే మెత్తబడుతుంది. తర్వాత క్యాటలిటిక్ కన్వర్టర్, ఆ తర్వాత చాలా బండ్లలో రెజొనేటర్, చివర్లో మఫ్లర్. అందుకే టర్బో బండిలో కాస్త ఓపెన్‌గా ఉండే మఫ్లర్ పెట్టినా, టర్బో లేని ఇంజిన్ అంతగా చెవులు పగలగొట్టదు.

ఇది మంచి వార్తే. ఇబ్బందంతా లోతైన శబ్దంతో.

చిన్న లెక్క.. పెద్ద తలనొప్పి

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ప్రతి సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి పేలుతుంది. అంటే నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఒక చుట్టుకు రెండుసార్లు, వి8 అయితే నాలుగుసార్లు. హైవే మీద గంటకు 70 మైళ్ల వేగంలో ఇంజిన్ 1,800 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతోందనుకుందాం (గేరు, టైర్లను బట్టి ఇది మారుతుంది). సెకనుకు 30 చుట్లు. వి8 నుంచి 120 హెర్ట్జ్ శబ్దం వస్తుంది. మీ నాలుగు సిలిండర్ల బండి నుంచి 60 హెర్ట్జ్.

ఈ 60 హెర్ట్జ్ చెవికి పెద్దగా వినపడదు, చెవి మీద నొక్కినట్టు అనిపిస్తుంది. క్యాబిన్ మొత్తం ఒక డప్పులా మారి గుయ్యిమని ఒకే తీరున మోగుతుంది. దీన్నే అక్కడ డ్రోన్ అంటారు (ఎగిరే డ్రోన్ కాదు!). పది నిమిషాలు బాగానే ఉంటుంది. గంట దాటితే తలనొప్పి. వెనక సీట్లో చిన్నపిల్లలో, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలో ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

సిల్వరాడో 2.7 వాళ్లకు ఇంకో మెలిక ఉంది. ఈ ఇంజిన్ లోడు తక్కువగా ఉన్నప్పుడు పెట్రోల్ ఆదా కోసం రెండు సిలిండర్లను పడుకోబెడుతుంది. అప్పుడు అదే 1,800 దగ్గర శబ్దం 30 హెర్ట్జ్‌కి దిగిపోతుంది. కంపెనీ మఫ్లర్‌ను ఇవన్నీ మింగేలా డిజైన్ చేస్తారు. దాని డబ్బా అంత పెద్దగా ఉండటానికి ఒక కారణం ఇదే. లోతైన శబ్దాన్ని మింగాలంటే చోటు కావాలి.

మరి వీడియోలో ఎందుకు తెలియదు? చాలా ఫోన్ స్పీకర్లు 200 హెర్ట్జ్ కిందికి వెళితే సరిగ్గా పలకలేవు. 60 హెర్ట్జ్ దాదాపు మాయమైపోతుంది. పైగా వీడియో తీసిన ఫోన్, పెద్ద శబ్దాన్ని తగ్గించి చిన్న శబ్దాన్ని పెంచి తనంతట తానే సర్దేస్తుంది. దాంతో పది మఫ్లర్లూ ఒకే ఎత్తున వినిపిస్తాయి. ఇంకోటి.. చాలా వీడియోల్లో మైకు బండి వెనక, సైలెన్సర్ గొట్టం పక్కన ఉంటుంది. మీరు కూర్చునేది లోపల! అదే బ్రాండ్, అదే మోడల్ వి8 మీద పెట్టిన వీడియో చూసి కొనడమైతే ఇంకా పొరపాటు. ఆ గొంతు మీ ఇంజిన్‌కు రాదు.

మూడు రకాలు.. ఏది ఎవరికి?

ఛాంబర్ మఫ్లర్లలో లోపల అడ్డుగోడలు ఉంటాయి. శబ్దం వాటికి కొట్టుకుని కొంత రద్దవుతుంది, కొంత గర్జనలా బయటకొస్తుంది. ఫ్లోమాస్టర్ పేరు వీటితోనే ముడిపడింది. వి8 మీద అదిరిపోతాయి. నాలుగు సిలిండర్ల మీద, ముఖ్యంగా చిన్న సైజు ఛాంబర్ మఫ్లర్‌తో, డ్రోన్ వచ్చే అవకాశం ఎక్కువ.

స్ట్రెయిట్-త్రూ రకంలో చిల్లుల గొట్టం సూటిగా వెళుతుంది. చుట్టూ ఫైబర్ దట్టించి ఉంటుంది. పొగకు అడ్డు తక్కువ. మాగ్నాఫ్లో, బోర్లా ఎక్కువగా ఈ దారిలోనే వెళతాయి. గరగరను ఇవి బాగా పీల్చుకుంటాయి కానీ లోతైన శబ్దం దగ్గర బలహీనం. అందుకే ఈ రకం కొంటే డబ్బా ఎంత పొడవు, ఎంత లావు ఉంటే అంత మేలు. చూడ్డానికి చిన్నగా, ముద్దుగా ఉన్నదాని జోలికి పోవద్దు.

మూడోది 'టర్బో మఫ్లర్'. పేరు చూసి ఇది మన టర్బో బండికే అనుకునేవాళ్లు చాలామంది. కాదు. 1960లలో షెవర్లే కార్వేర్ టర్బో కారుకు వచ్చిన మఫ్లర్‌ను అప్పటి కుర్రాళ్లు వేరే కార్లకు బిగించుకోవడంతో ఆ పేరు స్థిరపడిపోయింది. లోపల గొట్టాలు ఎస్ ఆకారంలో మలుపులు తిరుగుతాయి. సౌండ్ కొంచెం పెరిగితే చాలు, ఇంట్లో గొడవ వద్దు అనుకునేవాళ్లకు నిజానికి ఇదే నయం. స్టైల్ లేదని దీన్ని పక్కన పెట్టేస్తుంటారు.

డ్రోన్ వస్తే జే-పైప్ పెట్టించుకోవచ్చు కదా అని కొందరు సలహా ఇస్తారు. ఒక చివర మూసేసిన గొట్టాన్ని పక్కన అతికిస్తే, ఆ పొడవుకు తగిన శబ్దాన్ని అది రద్దు చేస్తుంది. సూత్రం కరెక్టే. అయితే శబ్దం ఎంత లోతుగా ఉంటే గొట్టం అంత పొడవు కావాలి. వి8 డ్రోన్‌కు సుమారు మూడడుగులు సరిపోతే, 60 హెర్ట్జ్‌కు దానికి రెట్టింపు, ఆరడుగుల దాకా కావాలి. ట్రక్కు కింద అంత చోటు వెతకడం కష్టమే. కాబట్టి తర్వాత చూసుకుందాం అనే ఆలోచన ఈ బండ్లకు పనిచేయదు. ఫ్యాక్టరీ రెజొనేటర్ ఉంటే దాన్ని కదిలించకుండా, మఫ్లర్ ఒక్కటే మార్చడం తెలివైన పని.

పవర్ పెరుగుతుందా?

టర్బో తర్వాత దారి ఎంత ఫ్రీగా ఉంటే టర్బో అంత తేలిగ్గా తిరుగుతుంది, ఇది నిజం. 'బ్యాక్ ప్రెషర్ లేకపోతే టార్క్ పోతుంది' అనే మాట టర్బో బండ్ల విషయంలో తప్పు. కానీ అసలు అడ్డు మఫ్లర్ దగ్గర తక్కువ, టర్బో పక్కనే ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ దగ్గర ఎక్కువ. దాన్ని తీయడం అమెరికా ఫెడరల్ చట్టం, క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం నేరం. పైగా ఎంత బూస్ట్ ఇవ్వాలో కంప్యూటరే తేలుస్తుంది. ఒక్క మఫ్లర్ మార్చితే సీటులో కూర్చున్నవాళ్లకు తెలిసేంత పవర్ రాదు. ప్యాకెట్ మీద హార్స్‌పవర్ నంబర్ చూసి డబ్బు పెట్టొద్దు.

గొట్టం సైజు కూడా అంతే. ఫ్యాక్టరీ గొట్టం ఎంత ఉందో కొలిచి అదే సైజు తీసుకోండి. 310 హార్స్‌పవర్ బండికి 3 అంగుళాల సింగిల్ పైప్ ధారాళంగా సరిపోతుంది. రెండు వైపులా గొట్టాలు పెట్టడం అందానికే.

ఇది మాత్రం ప్రాణాల మీదికి

ఖర్చు తగ్గుతుందని కొన్ని షాపుల్లో మఫ్లర్ తర్వాతి గొట్టాన్ని బండి కిందే కోసి వదిలేస్తారు. చేయించుకోవద్దు. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. వాసన రాదు, రంగు ఉండదు. బండి ఆగి ఉన్నప్పుడు, వెనక కిటికీ కొద్దిగా తెరిచి ఉన్నప్పుడు అది క్యాబిన్‌లోకి చేరొచ్చు. గొట్టం చివర క్యాబిన్ దాటి, ట్రక్కు బాడీ అంచు వరకు బయటకు రావాలి. వెల్డింగ్ దగ్గర, క్లాంపుల దగ్గర లీకేజీ ఉందేమో షాపులోనే చూపించుకోండి.

మెటల్ విషయం ఊరిని బట్టి. డల్లాస్, హ్యూస్టన్‌లో 409 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ చాలు. న్యూజెర్సీ, షికాగో, డెట్రాయిట్ వైపు చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి 304 తీసుకోవడం మేలు. షాపువాడు 304 అంటే ఓ అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా అతుక్కుంటే అది 304 కాదు.

రూల్స్ ఏమంటున్నాయి?

వారంటీ పోతుందని డీలర్ భయపెడితే ఒక పేరు గుర్తుపెట్టుకోండి: మాగ్నసన్-మాస్ వారంటీ యాక్ట్, 1975. బయటి పార్టు పెట్టారన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీ రద్దు చేయడానికి వీల్లేదు. పాడవడానికి ఆ పార్టే కారణమైతే మాత్రం ఆ రిపేరు ఖర్చు మీదే. టెక్సాస్‌లో మఫ్లర్ లేకుండా, లేదా దాన్ని తప్పించే బైపాస్ పెట్టి నడపకూడదు. కాలిఫోర్నియాలో 6,000 పౌండ్ల లోపు గ్రాస్ బరువున్న వాహనాలకు 95 డెసిబెల్స్ గీత గీశారు. అంతకు మించిన బరువు ట్రక్కులకు పరిమితులు వేరు.

ఇండియాలో ఇసుజు వి-క్రాస్, టయోటా హైలక్స్ ఉన్నవాళ్లకు కూడా ఈ వీడియోలు వచ్చే ఉంటాయి. అవీ నాలుగు సిలిండర్ల టర్బోలే, కానీ డీజిల్. ఇక్కడ శబ్దం, కాలుష్యం నిబంధనలు దాటితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద మొదటిసారికే 10,000 రూపాయల దాకా ఫైన్ లేదా 3 నెలల దాకా జైలు, లేదంటే రెండూ. లైసెన్స్‌పై 3 నెలల అనర్హత వేటు అదనం. బైక్ సైలెన్సర్లను పోలీసులు రోడ్ రోలర్‌తో తొక్కించిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. ట్రక్కు సైలెన్సర్‌కు మినహాయింపేమీ లేదు.

కొనే ముందు ఒక్క పని

అదే ఇంజిన్, అదే క్యాబ్, అదే మఫ్లర్ ఉన్న బండి మీ ఊళ్లో ఎవరి దగ్గరైనా ఉంటే ఒక రైడ్ అడగండి. క్యాబ్, బెడ్ సైజు మారితే గొట్టం పొడవు, దాంతో మోత కూడా మారతాయి. అద్దాలు మూసి, పాటలు ఆపి, 70 మైళ్ల దగ్గర క్రూజ్ పెట్టించండి. మీరు వెనక సీట్లో కూర్చోండి, ఓ 15 నిమిషాలు. అలాంటి బండి దొరక్కపోతే, మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, క్యాబిన్ లోపల హైవే మీద తీసిన వీడియోనే చూడండి. కోల్డ్ స్టార్ట్ క్లిప్పులు వదిలేయండి. అవి 10 సెకన్ల సరదా.

వేల మైళ్లు నడిపాక నచ్చకపోవచ్చు కూడా. అందుకే తీసిన ఫ్యాక్టరీ మఫ్లర్‌ను షాపులో వదిలేసి రాకండి, గ్యారేజీలో ఓ మూల పెట్టుకోండి. కోయించేటప్పుడు కూడా మళ్లీ క్లాంపులతో బిగించేలా తిన్నగా కోయమని ముందే చెప్పండి. బండి లీజుదైతే తిరిగిచ్చే రోజున వాళ్లు అడిగేది ఆ పాత మఫ్లర్‌నే.