ఫోన్‌లో రాసిన పాఠం ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకోవాలంటే

మన పాఠాలు చాలావరకు ఫోన్‌లోనే తయారవుతాయి. కూర పొయ్యి మీద ఉండగానో, పిల్లల్ని ఈతకు దింపి కారులో కూర్చున్నప్పుడో నోట్స్ తెరిచి నాలుగు ముక్కలు రాసుకుంటాం. శుక్రవారం గుణింతాలకు ఏ పదాలు వాడాలి, ఏ బాబుకి ల, ళ తేడా పట్టుబడటం లేదు, ఏ పాపకి ఒత్తులు వచ్చేశాయి, అన్నీ అందులోనే. తీరా తరగతికి వెళ్తే ప్రొజెక్టర్‌కు తగిలించిన కంప్యూటర్ వేరే కంపెనీది. ఐఫోన్‌లో రాసింది విండోస్‌లో కనపడదు. సామ్‌సంగ్‌లో రాసింది మ్యాక్‌లో తెరుచుకోదు. ఫోన్ చూస్తూ బోర్డు మీద రాసేసరికి పావుగంట పోతుంది.

పావుగంట పోతే పోయింది, అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. ఒమన్‌లో మనం ఎన్నాళ్లుంటామో మన చేతుల్లో ఉండదు. కాంట్రాక్టు అయిపోతుంది, మస్కట్ నుంచి సొహార్‌కో సలాలాకో బదిలీ అవుతుంది. టీచర్ వెళ్లిపోతే నోట్సు కూడా ఆ ఫోన్‌తోపాటే వెళ్లిపోతుంది. కొత్తగా వచ్చినవారికి ఎవరు ఎంతవరకు వచ్చారో తెలియక మళ్లీ అ, ఆల దగ్గర మొదలుపెడతారు. వచ్చిందే మళ్లీ దిద్దమంటే పిల్లలు విసుగెత్తి మానేస్తారు. అందుకే ఈ సంగతిని అందరం ఒకసారి నేర్చుకుని ఉంచుకోవాలి.

నోట్సు ఫోన్‌లో ఉందా, ఖాతాలో ఉందా?

మొదట తేల్చుకోవాల్సింది ఇదే. ఇంట్లో బీరువాలో పెట్టిన డబ్బు ఇంటికి వెళ్తేనే దొరుకుతుంది. బ్యాంకులో వేసింది రూవీలోనైనా సొహార్‌లోనైనా తీసుకోవచ్చు. నోట్సూ అంతే. ఫోన్‌లో మాత్రమే ఉంటే ఆ ఫోన్‌లోనే కనపడుతుంది. యాపిల్, గూగుల్ లాంటి ఖాతాలోకి సింక్ అయితే, చాలావరకు ఏ కంప్యూటర్‌లోనైనా బ్రౌజర్ తెరిచి చూసుకోవచ్చు. కంప్యూటర్ ఏ కంపెనీదన్నది అప్పుడు పెద్ద అడ్డంకి కాదు.

ఏ ఫోన్‌కు ఏ దారి?

ఐఫోన్: సెట్టింగ్స్‌లో పైన ఉన్న మీ పేరు నొక్కి, ఐక్లౌడ్‌లోకి వెళ్లి, నోట్స్ సింక్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. తర్వాత కంప్యూటర్ బ్రౌజర్‌లో ఐక్లౌడ్.కామ్ తెరిచి, అదే యాపిల్ ఖాతాతో లోపలికి వెళ్లి నోట్స్ నొక్కండి. ఫోన్‌కు ఆరంకెల కోడ్ వస్తుంది, కాబట్టి ఫోన్ పక్కనే ఉండాలి. కొన్ని నోట్సులే కనపడుతున్నాయంటే, మిగతావి 'ఆన్ మై ఐఫోన్' అనే ఫోల్డర్‌లో ఉండి ఉంటాయి. అందులోవి ఐక్లౌడ్‌కు వెళ్లవు. ఆ నోట్‌ను నొక్కిపట్టి, 'మూవ్' ఎంచుకుని, ఐక్లౌడ్ కింద ఉన్న ఫోల్డర్‌లోకి మార్చండి.

సామ్‌సంగ్: సామ్‌సంగ్ నోట్స్‌కు కంప్యూటర్ యాప్ ఉంది కానీ, అది వాళ్ల గెలాక్సీ బుక్ ల్యాప్‌టాప్‌లను దృష్టిలో పెట్టుకుని చేసింది. మిగతా కంపెనీల కంప్యూటర్లలో దాన్ని నమ్ముకుని తరగతికి వెళ్లకండి. నోట్ తెరిచి, 'షేర్' నొక్కి, పీడీఎఫ్ గానీ వర్డ్ ఫైలు గానీ చేసి, మీకు మీరే ఈమెయిల్ పంపుకోండి. పెన్నుతో గీసిన అక్షరాలకు, బొమ్మలకు పీడీఎఫ్ మేలు. తర్వాత దిద్దుకోవాల్సిన పాఠమైతే వర్డ్ ఫైలే పంపండి. పీడీఎఫ్ నుంచి తెలుగు కాపీ చేస్తే ఒత్తులు, గుణింతాలు చాలాసార్లు తారుమారవుతాయి.

ఏ ఫోన్ అయినా: గూగుల్ కీప్ ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ పనిచేస్తుంది. కంప్యూటర్‌లో కీప్.గూగుల్.కామ్ తెరిస్తే చాలు. నోట్‌కు ఇంకో టీచర్‌ని జతచేస్తే ఇద్దరూ రాయవచ్చు. కీప్ చిన్న నోట్సుకే బాగుంటుంది. పాఠం పొడవుగా ఉంటే గూగుల్ డాక్స్‌లోకి కాపీ చేసే సౌకర్యం కీప్ మెనూలోనే ఉంది.

తెరుచుకుంది, కానీ తెలుగు కనపడటం లేదు

మన ఫోన్లలో టైపు చేసే తెలుగు యూనికోడ్. పరికరం మారినా అక్షరం మారదు. అయినా తేడా కనపడితే గాభరాపడి చెరిపేయకండి. ముందు లక్షణం చూడండి.

1. అక్షరాల బదులు డబ్బాలు కనపడితే ఫాంట్ లేదన్నమాట. రాసింది భద్రంగానే ఉంది. విండోస్‌కు ఎక్స్‌పీ రోజుల నుంచి గౌతమి ఫాంట్, విండోస్ 8 నుంచి నిర్మల ఫాంట్ ఉన్నాయి. ఫాంట్ మార్చి చూడండి.

2. నెత్తిన చుక్కలు, గీతలు ఉన్న వింత ఇంగ్లీషు అక్షరాలు కనపడితే, ఫైలును తప్పు పద్ధతిలో తెరిచారని అర్థం. సేవ్ చేయకుండా మూసేసి, యూటీఎఫ్-8 ఎంచుకుని మళ్లీ తెరవండి.

3. వరసగా ప్రశ్నార్థకాలే కనపడితే ఆ ఫైలులో తెలుగు పోయినట్టే. పాత నోట్‌ప్యాడ్‌లో ఆన్సీ పద్ధతిలో సేవ్ చేస్తే ఇలా జరుగుతుంది. ఫోన్‌లో ఉన్న అసలు ప్రతి నుంచి మళ్లీ తీసుకోవాలి. కాబట్టి కంప్యూటర్‌లో సరిగ్గా కనపడేదాకా ఫోన్‌లోది తీసేయవద్దు.

పరాయి కంప్యూటర్ దగ్గర

తరగతి కంప్యూటర్‌ని చాలామంది వాడతారు. బ్రౌజర్‌లో ప్రైవేట్ విండో తెరిచే లోపలికి వెళ్లండి. పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోమంటారా అని అడిగితే వద్దనండి. పని అయ్యాక సైన్ అవుట్ చేసి విండో మూసేయండి. నోట్సు ప్రొజెక్టర్ మీద పడుతుందన్న సంగతీ మరవకండి. "ఫలానా పాపకి చదవడం రావట్లేదు" అన్న వాక్యం తరగతి మొత్తం చూస్తే ఆ పాప మళ్లీ నోరు విప్పదు. పాఠం ఒక నోట్‌లో, పిల్లల ప్రగతి వేరే నోట్‌లో రాసుకోండి.

ఒమన్ నంబరు

దీన్ని అందరం మర్చిపోతుంటాం. మన ఖాతాలకు చాలావరకు 968తో మొదలయ్యే ఒమన్ నంబరే ఇచ్చి ఉంటాం. ఇండియాకో మరో దేశానికో వెళ్లిపోయాక ఆ సిమ్ ఆగిపోతుంది. కొత్త కంప్యూటర్‌లో ఖాతా తెరవబోతే కోడ్ ఆ నంబరుకే వెళ్తుంది. నోట్సు అక్కడే ఉంటుంది, తాళంచెవి మాత్రం మన దగ్గర ఉండదు. కాబట్టి సిమ్ ఆపేముందే యాపిల్, గూగుల్ ఖాతాల్లో కొత్త నంబరు చేర్చండి. రెండో నంబరుగా ఇంట్లో ఇంకొకరిది ఉంటే ఇంకా మంచిది.

ఇంకోటి: రెండేళ్లపాటు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించవచ్చన్న విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమలు చేస్తోంది. వెళ్లిపోయిన టీచర్ ఖాతాలో ఉన్న పాఠాలు ఎప్పటికీ ఉంటాయనుకోవద్దు. కొత్త టీచర్ వాటిని తన ఖాతాలోకి కాపీ చేసుకోవాలి.

ఈ వారం చేయాల్సినవి

టీచర్లు: గురువారం రాత్రి ఇంట్లో వేరే కంపెనీ కంప్యూటర్‌లో ఒక్క పాఠం తెరిచి చూడండి. అక్కడ తెరుచుకుంటే తరగతిలోనూ తెరుచుకుంటుంది. ఇంటర్నెట్ మొరాయించిన రోజు కోసం ఒక పీడీఎఫ్ పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. టర్మ్ పూర్తయ్యాక పాఠాలను తోటి టీచర్‌తో పంచుకోండి.

తల్లిదండ్రులు: ఇంట్లో ఫోన్‌లో పిల్లలచేత రాయించిన తెలుగు మాటలను ఇదే పద్ధతిలో పెద్ద తెరమీద చూపించండి. సెలవుల్లో ఊరెళ్లినప్పుడు తాతయ్య వాళ్ల కంప్యూటర్‌లోనూ తెరవవచ్చు. మనవరాలి రాత చూసి తప్పులు దిద్దడానికి ఆయనకంటే మంచి టీచర్ దొరకరు.