బిడ్డకు గాయం – తల్లిదండ్రులకు మనోవ్యథ

పసిబిడ్డకు పెద్ద గాయమైనప్పుడు ఆ యింట రోగులు ఒక్కరు కాదు, ముగ్గురు. బిడ్డకు చికిత్స జరుగుతుంది. తల్లిదండ్రుల వ్యథను పట్టించుకొనేవారు అరుదు. నలభై యేండ్ల వైద్యవృత్తిలో ఎందరికో ధైర్యం చెప్పిన నాకు ఈ సత్యం మా యింటిలోనే బోధపడినది.

2018 డిసెంబరులో నాలుగేండ్ల మా మనుమడు స్నానాల గదిలో దించి ఉంచిన వేడినీళ్ల బకెట్టులోనికి తూలిపడినాడు. పొట్ట, తొడలు కాలినవి. కోడలు తక్షణమే చన్నీళ్లు ధారగా పోసి, ఆసుపత్రికి తీసుకొనిపోయినది. నేను అక్కడకు చేరగానే నా నోట వెలువడిన మొదటి మాట, "అప్పుడు నువ్వెక్కడ ఉన్నావమ్మా?"

కలపడానికి చన్నీళ్లు తేబోయినది, అంతే. కాని ఆమె బదులు పలుకలేదు. పిమ్మట వచ్చిన ప్రతి బంధువూ అదే ప్రశ్న. పది రోజులలో ఆమెకు అన్నం, నిద్ర కరువైనవి. కట్టు మార్చే వేళ గదిలోనికి రాలేకపోయేది. మా అబ్బాయి ఎవరితోనూ మాట్లాడక ఆసుపత్రి లెక్కలలో తల దాచుకొన్నాడు. ఒకనాడు పిల్లవాడు నన్నడిగినాడు: "తాతయ్యా, అమ్మకు నా మీద కోపమా?"

రోగాన్ని పెంచేవాటిలో విషాదమే మొదటిదని చరకసంహిత సూత్రస్థానం 25వ అధ్యాయం చెబుతున్నది. గురువుగారి పాదాల చెంత వల్లెవేసిన ఆ విషయం అరవై దాటిన తరువాత అర్థమైనది. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి – చికిత్సకు ఇవి నాలుగు పాదాలు. పసివాని పరిచారకులు తల్లిదండ్రులే. ఆ పాదాన్ని నా మాటతో నేనే విరిచినాను.

కోడలి వద్దకు వెళ్లి, "తల్లీ, ఆ మాట అనడం నా తప్పు. వెంటనే నీళ్లు పోసి మేలు చేసినది నువ్వే" అన్నాను. ఆమె చాలాసేపు ఏడ్చినది. మరునాడు కట్టు మార్చే వేళ బిడ్డ చేయి పట్టుకొని కూర్చున్నది.

ఇంట పాటించవలసినవి

1. కాలిన చోట 20 నిమిషాలు చల్లని నీటి ధార పట్టండి. మిగిలిన ఒంటిని వెచ్చగా కప్పండి. మంచుగడ్డ, సిరా, టూత్‌పేస్టు, పసుపు, నెయ్యి పనికిరావు. పచ్చి గాయానికి మా లేపనాలూ వద్దు. 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చండి.

2. "ఎలా జరిగినది?" అనే ప్రశ్నకు ఇంటిలో ఒక్కరే బదులు చెప్పండి. తల్లిచేత పదే పదే చెప్పించకండి.

3. రాత్రి కాపలాకు వంతులు వేసుకోండి. ఆకలి లేకున్నా వేళకు చారన్నమో, మజ్జిగ అన్నమో తినండి.

4. నొప్పి ఉండదని బిడ్డకు అబద్ధం చెప్పవద్దు. "నొప్పిగా ఉంటుంది, నేను పక్కనే ఉంటాను, ఇది నీ తప్పు కాదు" అనండి.

5. మచ్చ ఉబ్బకుండా వైద్యులు బిగుతు దుస్తులు సూచిస్తే, రోజుకు సుమారు 23 గంటలు, నెలల తరబడి వేయవలసి రావచ్చును. ఓర్పు వహించండి.

6. నెల గడిచినా నిద్రలో ఉలికిపాటు, తమను తాము నిందించుకోవడం తగ్గకపోతే మానసిక వైద్యుని చూడండి. టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చును. మనసును నిలిపే సత్త్వావజయాన్ని చరకుడు మూడు చికిత్సలలో ఒకటిగా చెప్పినాడు. కనుక ఇందులో నామోషీ లేదు.

మనుమని పొట్టపై మచ్చ నేటికీ ఉన్నది. మా యింట ఇప్పుడు బకెట్టులో మొదట చన్నీళ్లు పోసి, తరువాతనే వేడినీళ్లు కలుపుతాము. మీరును అట్లే చేయండి.