తుదిపోటీలో ఓడినవారికి పౌరస్వాగతము

విజేతలకు ఎదురేగుట లోకసహజము. తుదిపోటీలో ఓడి వచ్చినవారిని సత్కరించుటయే క్రీడాభిమానమునకు గీటురాయి.

బెంగుళూరు రాయల్ చాలెంజర్స్ క్రికెట్ జట్టు 2009, 2011, 2016 సంవత్సరములలో ఐ.పి.ఎల్. తుదిపోటీలలో ఓడెను. మూడవ పర్యాయము స్వస్థలమగు చిన్నస్వామి క్రీడాంగణముననే హైదరాబాదు సన్‌రైజర్స్ జట్టుచే 8 పరుగుల తేడాతో పరాజయము పొందెను. పోటీలు మొదలైన పదునెనిమిదవ ఏట, 2025 జూన్ 3న, అహమ్మదాబాదులో గెలిచెను. మరునాడే స్వాగతోత్సవము, ఆ క్రీడాంగణ ద్వారములకడ తొక్కిసలాటలో 11 మంది అసువులు బాసిరి.

హైదరాబాదు ఉదాహరణము వేరు. 2016 ఆగస్టు 19న రియో ఒలింపిక్ బాడ్మింటన్ తుదిపోటీలో స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా మారిన్‌చే ఓడి రజతపతకము గొన్న పి. వి. సింధును, గురువు పుల్లెల గోపీచందును 22న శంషాబాదు విమానాశ్రయమునుండి గచ్చిబౌలి క్రీడాంగణమువరకు పైకప్పు లేని బస్సులో ఊరేగించిరి. పోటీకిని స్వాగతమునకును నడుమ మూడు దినముల వ్యవధి యుండెను. జనులు నిలుచుటకు బాటపొడవున తావుండెను.

కావున స్వాగతమునకు గెలుపు ప్రధానము కాదు. వ్యవధి, మార్గము, స్థలము ప్రధానములు. ఓటమినాడును ఎదురేగు అలవాటున్న పురమున ఆనందమంతయు ఒక్క సాయంకాలమున, ఒక్క ద్వారముకడ పోగుపడదు.