వేగదేవతకు నైవేద్యము

నలోపాఖ్యానము చదివినవారు బాహుకుని రథమును మరువలేరు. దమయంతి పునస్స్వయంవర వార్త విని ఋతుపర్ణ మహారాజు ఒక్క దినములో విదర్భ చేరవలెనని తొందరపడగా, బాహుకుని రూపములోనున్న నలుడు అశ్వశాలకు పోయి బక్కచిక్కిన గుఱ్ఱములను ఏరి తెచ్చినాడు. రాజు వాటిని చూచి సందేహించినాడు. రథము కదలిన పిమ్మట రాజు ఉత్తరీయము జారిపడినది. రథము నాపుమని ఆయన అనునంతలో, అది యోజన దూరము వెనుకబడినదని సారథి చెప్పినాడు. నన్నయ తెనిగించిన అరణ్యపర్వ భాగములోని ఈ ఘట్టమును పాఠము చెప్పునపుడు మనము అశ్వహృదయ విద్యను గూర్చి విస్తరించి చెప్పుదుము. బక్క గుఱ్ఱముల సంగతి మాత్రము ఒక్క వాక్యముతో దాటివేయుదుము. అసలు విశేషము అందులోనే ఉన్నదేమో!

ఇరువదవ శతాబ్దములో అట్టి బక్క గుఱ్ఱమునే నమ్ముకొన్నవాడొకడు న్యూజిలాండు దక్షిణపు కొసన ఇన్వర్‌కార్గిల్ పట్టణములో ఉండెడివాడు. పేరు బర్ట్ మన్రో, పుట్టినది 1899లో. 1920లో ఆయన 'ఇండియన్ స్కౌట్' అను మోటారు సైకిలును కొన్నాడు. పేరును బట్టి మన దేశపు వస్తువని భ్రమపడరాదు. అది అమెరికాలో మసాచుసెట్సు రాష్ట్రమందలి స్ప్రింగ్‌ఫీల్డులో తయారైనది. ఇంజను పరిమాణము 600 సి.సి.; మిక్కిలిగా పరుగెత్తించినను గంటకు 55 మైళ్ళు. ఆ కాలమునకు అది తక్కువేమీ కాదు. మన్రోకు మాత్రము చాలలేదు.

1926 మొదలు ఆయన ఆ బండిని విప్పుట, మార్చుట, మరల బిగించుట అను పనిలో పడినాడు. ఆ పని నాలుగు దశాబ్దములు సాగినది. డబ్బు లేదు, కర్మాగారము లేదు. పిస్టనులను పాత డబ్బాలే మూసలుగా తానే పోతపోసుకొన్నాడు. సిలిండర్లను, ఫ్లైవీలులను కూడ తానే చేసికొన్నాడు. సూక్ష్మమైన కొలతలకు మైక్రోమీటరు వంటి పరికరము వలసియుండగా, పాత చక్రపు పుల్లనొకదానిని అరగదీసి దానితోనే పని గడుపుకొన్నాడు. సహజముగానే పిస్టనులు పగిలినవి, కడ్డీలు విరిగినవి, ఇంజను మాటిమాటికి తునకలైనది. ఆ తునకలను ఆయన పారవేయలేదు. తన కొట్టములో ఒక బల్ల మీద వరుసగా పేర్చి, 'వేగదేవునికి అర్పణలు' అని అర్థమిచ్చు మాటలను అక్కడ వ్రాసి పెట్టినాడు. హాస్యమునకే వ్రాసినాడు కాబోలు. అయినను చెడిన పని ఎదుట కనబడుచుండవలెనను ఆ నియమము, తప్పులు దిద్దిన కాగితములను దాచుకొను మంచి విద్యార్థి నియమము వంటిదే.

ఊరి చెంతనున్న ఒరెటి సముద్రతీరపు ఇసుకపై ఆయన బండిని పరీక్షించుకొనెడివాడు. కాని ఇసుకపై పరుగునకు ఒక హద్దున్నది. ఆ హద్దు దాటదలచిన వారందరి చూపు అమెరికాలోని యూటా రాష్ట్రమువైపు పోవును.

అక్కడ వెండోవర్ అను ఊరి దాపున బోన్నెవిల్ ఉప్పు మైదానము కలదు. హిమయుగమున ఆ ప్రాంతమంతయు ఒక మహాసరస్సు. అది ఇంకిపోగా మిగిలినది నేటి గ్రేట్ సాల్ట్ లేక్ అను ఉప్పుసరస్సు, దాని పడమట ఈ తెల్లని బయలు. శీతకాలమున దానిపై పలుచగా నీరు నిలుచును. గాలి ఆ నీటిని అటునిటు త్రోయుచు అడుగును చదును చేయును. వేసవిలో నీరు ఆవిరి కాగా రాతివంటి ఉప్పుపొర మిగులును. చెట్టు లేదు, గట్టు లేదు. 1935లో మాల్కం కాంబెల్ అను ఆంగ్లేయుడు గంటకు 301 మైళ్ళు మించి కారు నడపినది ఈ ఉప్పు మీదనే.

అటువంటి మహారథుల కారులకు ధనవంతుల అండ ఉండెడిది. సామాన్యులకు దారి చూపినది సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ అను సంస్థ. 1937లో ఎండిన చెరువు బయళ్ళపై పరుగులు తీయు యువకులు కూడి దానిని స్థాపించుకొన్నారు. 1949లో వారు బోన్నెవిల్‌లో తొలి 'వేగ వారము' జరిపినారు. నాటినుండి, అనుకూలించిన ప్రతి ఆగస్టు మాసమున అది జరుగుచునే ఉన్నది. బహుమాన ధనము లేదు. పరుగు ముగిసిన తరువాత దక్కునది వేగము వ్రాసిన ఒక చిన్న కాగితము ముక్క.

ఈ పందెములో ప్రక్కన ప్రత్యర్థి ఉండడు. ఒక్కొక్కరే పోవుదురు, పోటీ గడియారముతో. అందుచేత క్రొత్తవానికిది అందరానిది కాదు. 50 సి.సి. బుల్లి బండి మొదలు వేల సి.సి. యంత్రముల వరకు వేరువేరు తరగతులు కలవు. ఏ తరగతి రికార్డు ఆ తరగతిదే. తొలుత నియమ గ్రంథమును కొని, వాహనమును దానికి లోబడి నిర్మింపవలెను. తనిఖీదారులు ప్రతి మరను, శిరస్త్రాణమును, తోలు దుస్తులను చూచి గాని వదలరు. కారైనచో నిప్పునకు తాళు దుస్తులు, బలమైన ఇనుప పంజరము ఉండవలెను. వేగము పెరిగినకొలది వెనుక గొడుగువలె విచ్చుకొను పారాచూటు కూడ వలయును. మరి ఎంత శక్తిగల బండి తెచ్చినను, క్రొత్తవాడు ఒక్క దూకున గరిష్ఠ వేగమునకు పోరాదు. తక్కువ వేగమున పరుగును సక్రమముగా ముగించి అనుమతిపత్రము పొందినపిమ్మటనే పై మెట్టు. అనుభవజ్ఞులు చెప్పు హితవు మరొకటి: మొదటి ఏడు స్వంత బండి తేక, ఇంకొకరి బృందములో చేరి మరలు బిగించి, ఉప్పు కడిగి, పని నేర్చుకొనుట.

నిజమైన శత్రువు గాలి. వేగము రెట్టింపైనచో గాలి నిరోధము నాలుగు రెట్లగును. దానిని జయింపవలసిన శక్తి ఎనిమిది రెట్లు! గంటకు 100 మైళ్ళకు చాలిన ఇంజనును 200కు తేదలచువానికి ఈ లెక్క గుండె జారవేయును. అందుచేతనే బండికి చేపవంటి తొడుగు తొడుగుదురు. ఉప్పుపై చక్రమునకు పట్టు తక్కువ. చక్రము తిరిగినంత దూరము బండి ముందుకు పోదు.

రికార్డునకు ఒక్క పరుగు చాలదు. రెండు పరుగుల సగటు చూతురు. అంతర్జాతీయ నియమము ప్రకారము కారులు రెండు పరుగులను ఎదురెదురు దిక్కులలో, ఒక గంటలోపల ముగింపవలెను. గాలివాటున దొరికిన లాభము అట్లు చెల్లిపోవును.

1962లో మన్రో తన బండిని సముద్రము దాటించి ఈ ఉప్పు మీదికి తెచ్చినాడు. అప్పటికి ఆయనకు 63 ఏండ్లు, గుండెజబ్బు. ఇంజనును 850 సి.సి. వరకు పెంచియున్నాడు. గంటకు దాదాపు 179 మైళ్ళతో ఆ తరగతి రికార్డు ఆయనదైనది. 1967లో 950 సి.సి. ఇంజనుతో మరల వచ్చి 1000 సి.సి. లోపలి తరగతిలో 183.586 మైళ్ళు సాధించినాడు. ఆయనకప్పుడు 68, బండికి 47. చిత్రమేమనగా, ఆ అంకె తప్పు! సగటు కట్టుటలో జరిగిన పొరపాటును చాలా ఏండ్లకు ఆయన కుమారుడు కనిపెట్టగా, 2014లో దానిని 184.087గా దిద్దినారు. లెక్కల ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగిన ఉదాహరణము.

ఇది ప్రాణభయము లేని వినోదమని చెప్పుట అసత్యమగును. 2016లో డెబ్బది దాటిన ఒక సుప్రసిద్ధ చోదకుడు ఆ మైదానముననే తన బండిని పరీక్షించుచు మరణించినాడు. నియమములన్నియు తెలిసినవాడే.

యువతరము వెనుకంజ వేయలేదు. 2018 వేగ వారములో పదునెనిమిదేండ్ల అమెరికా బాలిక ఒకతె, మన చెన్నైకి చెందిన రాయల్ ఎన్‌ఫీల్డు వారి 650 సి.సి. బండిని సవరించిన దానిపై, గంటకు 150 మైళ్ళు దాటి పోయినది.

వారి భయము వేగమును గూర్చి కంటె ఉప్పును గూర్చి ఎక్కువ. పూర్వము సుమారు 13 మైళ్ళ బాట దొరకిన చోట నేడు 8 మైళ్ళు దొరకుట గగనము. పొర పలుచబడుచున్నది. చుట్టుప్రక్కల పొటాషియము లవణమునకై సాగిన ఉప్పునీటి త్రవ్వకము ఇందుకు కారణమని చోదకులు ఏండ్ల తరబడి వాదించుచున్నారు. తీసికొన్న ఉప్పునీటిని తిరిగి మైదానముపైకి పంపు ప్రయత్నములు కూడ జరిగినవి. 2014, 2015లలో, మరల 2022లో నేల అనుకూలింపక వేగ వారము రద్దయినది. ఏడాది పొడవున కొట్టములో శ్రమించినవారు ఆ వార్త విని బండికి గుడ్డ కప్పి మరుసటి ఆగస్టుకై ఎదురుచూచినారు.

మన్రో 1978 జనవరిలో మరణించినాడు. 2005లో ఆయన కథ చలనచిత్రముగా వచ్చి లోకమునకు తెలిసినది. ఆయన బండి ఇన్వర్‌కార్గిల్‌లోనే, ఇనుప సామానులమ్ము ఒక పెద్ద అంగడిలో ప్రదర్శనకు ఉన్నది. మేకులకును, సుత్తులకును వచ్చినవారు దాని ముందు ఒక నిమిషము నిలుచుండి పోవుదురు.