మాంటెరే సముద్రముపై నొక యుదయము

పురాణ కాలక్షేపములలో తిమింగలము పేరు విననివారు మన యిండ్లలో అరుదు. కాని దానిని కన్నులార చూచు భాగ్యము మనలో బహు కొలదిమందికే లభించును. కాలిఫోర్నియాలో కాపురమున్న మా కుమార్తెను చూడబోయినపుడు మాకా భాగ్యము కలిగినది. ఆ యుదయపు ముచ్చటను సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

మాంటెరే యను పట్టణము శాన్‌ఫ్రాన్సిస్కోకు దక్షిణముగా పసిఫిక్ మహాసముద్రపు టొడ్డున నున్నది. అది సెప్టెంబరు మాసము. మేమును, మా కుమార్తెయు, ఎనిమిదేండ్ల మనుమరాలును ప్రొద్దుననే పడవ యెక్కితిమి. దట్టమైన పొగమంచు, ఎముకలు కొరుకు చలి. కడుపులో త్రిప్పకుండుటకై అల్లపు ముక్క నములుచు, శాలువ కప్పుకొని కూర్చుంటిమి.

ఇచ్చట సముద్రగర్భమున తీరమునకు అతి సమీపమునుండియే గొప్ప లోయ యొకటి మొదలగును. వసంత గ్రీష్మములలో గాలులు పైనీటిని ఆవలకు నెట్టగా, అడుగునుండి చల్లని, సారవంతమగు నీరు పైకి వచ్చును. ఆ సారమువలన రొయ్యపొట్టువంటి చిన్న జీవులును, నెత్తళ్ళును విస్తారముగా పెరుగును. హంప్‌బ్యాక్ అను జాతి తిమింగలములకు ఈ తావొక అన్నసత్రము. ఇవి చలికాలమున మెక్సికో, మధ్య అమెరికా తీరముల వెచ్చని నీటికి పోయి ఈని, వసంతమున బిడ్డలతో మరల ఉత్తరమునకు వచ్చును.

గంటసేపైన పిమ్మట మంచు విడి, నీటిపై తెల్లని ధూమస్తంభమువంటిది లేచెను. అది నీటిచిమ్ము కాదు. తిమింగలపు ఊపిరితో వెడలిన తుంపర. దాని ప్రక్కనే మరియొక చిన్న తుంపర లేచెను. తల్లియు బిడ్డయు! తల్లి నలుబదియడుగులకు తక్కువ యుండదు. పడవ నడుపువాడు వెంటనే వేగము తగ్గించి యంత్రము నాపెను. నూరు గజములకు లోపల సమీపింపరాదనియు, తల్లిబిడ్డల నడుమ పడవ పోరాదనియు అచ్చటి కట్టుబాటు.

"అమ్మమ్మా, ఇంకొంచెం దగ్గరగా పోనిమ్మని చెప్పవూ?" అని మనుమరాలు బ్రతిమాలినది. నిజము చెప్పవలెనన్న మాకును ఆ కోరికయే కలిగినది. ఇంత దూరము వచ్చి, ఇంత రుసుము చెల్లించి, దూరమునుండియే చూచి పోవుటయా అని లోలోపల గొణుగుకొంటిమి.

అప్పుడు మా కుమార్తె తాను చదివిన సంగతులు చెప్పినది. చలికాలమందు తల్లి దాదాపు ఉపవాసమే యుండి, తన యొంటి క్రొవ్వును కరగించి బిడ్డకు పాలిచ్చునట. ఇంచుమించు ఏడాది పాలు కుడిచి, ఆ బిడ్డ తల్లి వెంట త్రోవ నేర్చుకొని, పెద్దదైన పిమ్మటను ఆ మేతతావునకే వచ్చుచుండునట. "ఇది దానికి పుట్టిల్లు, అమ్మా!" అన్నది. మేము మరి మాటాడలేకపోతిమి. ఎన్నడో చంటిబిడ్డతో మా పుట్టింటి గడప యెక్కిన దినము మనసున మెదలినది.

ఈ పుట్టింటనే ఒకప్పుడు వీనిని నూనెకై వేటాడిరి. 1966లో ఉత్తర పసిఫిక్‌లో హంప్‌బ్యాకుల వేట నిషేధింపబడునాటికి ఒకటి రెండు వేలే మిగిలినవని అంచనా. 2004 మొదలు 2006 వరకు జరిగిన గణనలో అవి సుమారు 20,000 అని తేలినది. మనుజుడు చేయి వెనుకకు తీసికొన్నంతనే ప్రకృతి ఎంత కోలుకొన్నదో చూడుడు! అయినను నేటికిని పీతల బుట్టల త్రాళ్ళలో చిక్కుకొనియు, ఓడలు తగిలియు కొన్ని చచ్చుచునే యున్నవి.

తల్లి వీపు వంచి, తోక పైకెత్తి మునిగినది. తోక క్రిందితట్టున నున్న తెలుపు నలుపు మచ్చలు ఒకదానికున్నట్లు మరియొకదానికుండవు. శాస్త్రజ్ఞులు వానినిబట్టియే ఒక్కొక్కదానిని గుర్తింతురు. బిడ్డయు వెంటనే మునిగినది. అవి మరల మాకు కనబడలేదు.

తిరుగుదారిలో తెల్లని ప్రక్కలుగల డాల్ఫినులు గుంపుగా వచ్చి, పడవ ముందు లేచు అలతో పాటు ఎగురుచు, దూకుచు చాలసేపు ఆడినవి. వానిని ఎవరును వెంబడింపలేదు. తమంతట తామే వచ్చినవి. మనుమరాలు చప్పట్లు కొట్టుచు, "ఇవి మనల్ని చూడ్డానికి వచ్చాయి!" అన్నది.

పరుల యింటికి పిలువని పేరంటమునకు పోయినవారు గడప దాటి వంటయింటిలోనికి పోరు గదా! సముద్రమున మనమందరము అట్టివారమే. చూడదగినంత దూరమున నిలిచి చూచి, చల్లగా తిరిగి వచ్చుటయే మర్యాద.