వెనుక వించ్ కొరకు ఇంధన ట్యాంకు మార్పు

వెనుక వించ్ కొరకు ఇంధన ట్యాంకు మార్పు అనేది నాలుగు చక్రాలకూ చోదక శక్తి అందే ఆఫ్-రోడ్ వాహనాలలో చేసే ఒక మార్పు. వాహనం వెనుక భాగంలో వించ్ అనే లాగుడు యంత్రాన్ని బిగించడానికి చోటు చాలనప్పుడు, అక్కడ ఉన్న ఇంధన ట్యాంకును చిన్నది చేస్తారు, పక్కకు జరుపుతారు, లేదా తీసివేసి మరొక చోట కొత్త ట్యాంకును అమరుస్తారు. బయటకు కనిపించేది వించ్ అయినప్పటికీ ఈ పనిలోని కష్టం, ప్రమాదం ఎక్కువగా ట్యాంకుతోనే ముడిపడి ఉన్నాయి.

వించ్ అంటే ఏమిటి

వించ్‌లో ముఖ్యంగా మూడు భాగాలు ఉంటాయి. అవి మోటారు, దాని వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచే గేర్లు, తాడు చుట్టుకొనే డ్రమ్ము. తాడు కొసను చెట్టుకో, బండకో, మరొక వాహనానికో తగిలించి డ్రమ్మును తిప్పితే, బురదలో దిగబడిన వాహనం తనను తానే బయటకు లాక్కుంటుంది. ఓడలలో లంగరును పైకి లాగే యంత్రాలు దీనికి పూర్వరూపాలు. అమెరికాలో 1948లో ఆర్థర్ వార్న్ స్థాపించిన వార్న్ సంస్థ 1959లో విహార వాహనాల కొరకు విద్యుత్ వించ్‌ను తయారు చేసింది. ఆ సంస్థ 8274 నమూనా బాగా పేరు పొందింది. ఆ పేరులోని మొదటి అంకె 8000 పౌండ్ల (సుమారు 3,630 కిలోల) లాగుడు శక్తిని, చివరి రెండు అంకెలు అది వెలువడిన 1974వ సంవత్సరాన్ని సూచిస్తాయి.

వించ్ మీద వ్రాసి ఉండే శక్తి, డ్రమ్ము మీద తాడు ఒకే పొరగా మిగిలినప్పుడు లభించే శక్తి. పొరలు పెరిగిన కొద్దీ డ్రమ్ము వ్యాసార్థం పెరిగి లాగుడు బలం తగ్గుతుంది. వాహనపు మొత్తం బరువుకు కనీసం ఒకటిన్నర రెట్లు శక్తి గల వించ్‌ను ఎంచుకోవాలన్నది వాడుకలో ఉన్న నియమం. తాడును ఒక కప్పీ మీదుగా తిప్పి తిరిగి వాహనానికే కట్టినట్లయితే బలం దాదాపు రెట్టింపు, వేగం సగం అవుతుంది.

వెనుక వించ్ అవసరం

సాధారణంగా వించ్‌ను ముందు బంపరు వద్ద బిగిస్తారు. కాని వాహనం దిగబడినప్పుడు గట్టి నేల ఎక్కడ ఉన్నదో డ్రైవరుకు కచ్చితంగా తెలిసినది వెనుక వైపే, ఎందుకంటే అతడు వచ్చిన దారి అదే. ముందు వించ్ వాహనాన్ని ఇంకా తెలియని బురదలోకి లాగుతుంది. వెనుక వించ్ తెలిసిన నేల మీదకు చేరుస్తుంది. నిట్టనిలువు వాలు దిగేటప్పుడు వెనుక నుండి తాడుతో వాహనాన్ని పట్టి ఉంచడానికి కూడా ఇది ఉపయోగపడుతుంది. మలేషియాలో 1997లో మొదలైన రెయిన్‌ఫారెస్ట్ ఛాలెంజ్ వంటి పోటీలలో ముందు, వెనుక రెండు వించ్‌లు గల వాహనాలు తరచుగా కనిపిస్తాయి. ఈ పోటీ 2014లో గోవా ద్వారా భారతదేశంలోకి కూడా వచ్చింది.

ట్యాంకు ఉండే చోటు

ట్యాంకును మార్చవలసిన అవసరం వాహనాన్ని బట్టి ఉంటుంది. రెండవ ప్రపంచ యుద్ధ కాలపు విల్లీస్ జీపులో ఇంధన ట్యాంకు డ్రైవరు సీటు కింద ఉండేది. అందువలన వెనుక వించ్‌కు ట్యాంకు అడ్డు రాదు. బ్రిటన్‌కు చెందిన ల్యాండ్ రోవర్ వాహనాలలో ఈ తేడా ఒకే కుటుంబంలో కనిపిస్తుంది. 1983లో వచ్చిన 110 నమూనాలో సుమారు 80 లీటర్ల ట్యాంకు వెనుక ఇరుసుకు అవతల, ఛాసిస్ కమ్మీల మధ్య, చివరి అడ్డకమ్మీకి ఆనుకొని ఉంటుంది. 1984లో వచ్చిన పొట్టి నమూనా 90లో సుమారు 55 లీటర్ల ట్యాంకు ముందు సీటు కిందనే ఉండేది. 1998లో టీడీ5 ఇంజను వచ్చిన తరువాత 90లో కూడా ట్యాంకు వెనుకకు మారింది. భారతదేశంలో 1985లో విడుదలైన మారుతీ జిప్సీలో 40 లీటర్ల ట్యాంకు వెనుక భాగంలో నేలరేకు కింద ఉంటుంది.

ట్యాంకును రెండు కమ్మీల మధ్య పెట్టడానికి కారణం ఉన్నది. పక్కల నుండి గాని, వెనుక నుండి గాని దెబ్బ తగిలినప్పుడు ముందుగా ఉక్కు కమ్మీలు ఆ దెబ్బను తీసుకుంటాయి. అంటే వించ్ కొరకు మనం ఖాళీ చేస్తున్నది వాహనంలో ఇంధనానికి ఉన్న సురక్షితమైన చోట్లలో ఒకటి.

ట్యాంకును ముట్టుకోని పద్ధతులు

ట్యాంకును మార్చే ముందు ఈ క్రింది పద్ధతులను పరిశీలించడం మంచిది.

1. ఊడదీయగల వించ్: ట్రైలరును తగిలించే చదరపు గొట్టంలో ఇమిడే పళ్ళెం మీద వించ్‌ను బిగించి, అవసరాన్ని బట్టి ముందుకో వెనుకకో మార్చుకోవచ్చు. అయితే 40 కిలోలకు పైబడిన బరువును బురదలో నిలబడి మోయవలసి ఉంటుంది.

2. సామాను అర లోపల వించ్: వించ్‌ను నేలరేకు పైన, ఛాసిస్‌కు కలిపిన ఉక్కు చట్రం మీద బిగించి, తాడును వెనుక తలుపు కింది నుండి బయటకు తీస్తారు. సామాను చోటు తగ్గుతుంది. లాగుడు రేఖ ఎత్తులో ఉంటుంది కనుక చట్రం మీద మెలి పెరుగుతుంది.

3. ముందు వించ్ తాడునే కప్పీల సహాయంతో వాహనం కింది నుండి వెనుకకు తీయడం: ఖర్చు తక్కువ. కాని తాడు బ్రేకు గొట్టాలకు, ఇరుసుకు ఒరుసుకోకుండా జాగ్రత్త వహించాలి.

ట్యాంకును మార్చే పద్ధతులు

పై పద్ధతులేవీ కుదరనప్పుడు మూడు మార్గాలు మిగులుతాయి. మొదటిది, అదే చోట వించ్‌కు సరిపడే గాడి విడిచిన చిన్న ట్యాంకును అమర్చడం. రెండవది, వెనుక ట్యాంకును తీసివేసి వాహనం పక్క భాగంలో, కమ్మీకి వెలుపల మరొకటి పెట్టడం. ఇందులో పక్క దెబ్బల నుండి, రాళ్ళ నుండి రక్షణకు మందపాటి రేకుతో తొడుగు తప్పనిసరి. మూడవది, పోటీ వాహనాలలో వాడే రక్షిత ట్యాంకు. దీనిలో దృఢమైన రబ్బరు సంచి, దాని లోపల స్పంజి వంటి నురుగు ఉంటాయి. అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య వీటికి ఎఫ్‌టీ3 వంటి ప్రమాణాలను నిర్ణయించింది. ఆ సంచుల వాడకానికి ఐదేళ్ళ గడువు ఉన్నది. తయారీదారు తిరిగి పరీక్షించి ధ్రువీకరిస్తే మరో రెండేళ్ళు వాడవచ్చు. ఈ ట్యాంకును మనుషులు కూర్చొనే భాగం నుండి లోహపు గోడతో వేరు చేయాలి.

ఖాళీ ట్యాంకు ప్రమాదం

పాత ట్యాంకును కోసి, అతికి, చిన్నది చేయడం చవకైన మార్గంగా తోస్తుంది. ప్రాణాపాయం ఉన్నది ఇక్కడే. ఇంధనం తీసివేసిన ట్యాంకు ఖాళీ అని, నిండు ట్యాంకు కంటే సురక్షితమని చాలామంది భావిస్తారు. వాస్తవం దీనికి విరుద్ధం. మండేది ద్రవం కాదు, గాలితో కలిసిన దాని ఆవిరి. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 శాతం నుండి 7.6 శాతం వరకు ఉన్నప్పుడు నిప్పు తగిలితే పేలుతుంది. నిండు ట్యాంకులో గాలికి చోటు తక్కువ. "ఖాళీ" ట్యాంకులో పేలుడుకు కావలసిన గాలి పుష్కలంగా ఉంటుంది. 40 లీటర్ల ట్యాంకులో 1.4 శాతం అంటే అర లీటరుకు కొంచెం ఎక్కువ ఆవిరి. అంత ఆవిరి రావడానికి ఒక చిన్న చెంచాడు పెట్రోలు కూడా అవసరం లేదు. ట్యాంకు మడతలలో, అతుకులలో అంతకంటే ఎక్కువే దాగి ఉంటుంది.

డీజిల్ ట్యాంకు విషయంలో మరొక అపోహ ఉన్నది. డీజిల్ మామూలు వేడిలో అంతగా ఆవిరి కాదు, నిజమే. కాని వెల్డింగ్ వేడికి రేకుకు అంటుకొని ఉన్న డీజిల్ ఆవిరై అదే విధమైన పేలుడు మిశ్రమం ఏర్పడుతుంది. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది కనుక నేల మీద పాకుతూ పోయి, దూరంలో ఉన్న నిప్పును కూడా అందుకోగలదు.

నీళ్ళతో ఒకసారి కడిగి ఆరబెట్టినంత మాత్రాన ట్యాంకు వెల్డింగ్‌కు సిద్ధమైనట్లు కాదు. ఈ పని చేసే నిపుణులు ట్యాంకును వాహనం నుండి పూర్తిగా తీసి, ఆవిరితో గాని వేడి సబ్బు నీటితో గాని పలుమార్లు శుభ్రపరచి, లోపల నైట్రోజన్ వంటి జడవాయువును నింపి, వాయువును కొలిచే పరికరంతో పరీక్షించిన తరువాతనే మంట దగ్గరకు తెస్తారు. ఇంజను పొగను ట్యాంకులోకి పంపే నాటు పద్ధతి నమ్మదగినది కాదు, ఆ పొగలో ఆక్సిజన్ మిగిలి ఉండవచ్చు. ఇవన్నీ పరిశీలిస్తే, పాత ట్యాంకును ముట్టుకోకుండా, ఇంధనం ఎన్నడూ తగలని కొత్త రేకుతో కొత్త ట్యాంకు చేయించడమే ఉత్తమం. ప్లాస్టిక్ ట్యాంకులను కోసి అతకడం అసలే తగదు.

కొత్త ట్యాంకు నిర్మాణం

ట్యాంకులో ఇంధనం అటూ ఇటూ ఊగకుండా లోపల రంధ్రాలు గల అడ్డుపలకలు ఉండాలి. ఇవి లేకపోతే వాలు మీద ఇంధనమంతా ఒక మూలకు చేరి, ట్యాంకులో ఇంధనం ఉండగానే ఇంజను ఆగిపోతుంది. ఇంధనాన్ని తీసే గొట్టం లోతైన చోట ఉండాలి. ఇంధనం వేడికి వ్యాకోచిస్తుంది. 40 లీటర్ల పెట్రోలు 20 డిగ్రీలు వేడెక్కితే ముప్పావు లీటరు మేర పెరుగుతుంది. కనుక పైన కొంత ఖాళీ విడవాలి. గాలి గొట్టానికి, వాహనం తలక్రిందులైనప్పుడు మూసుకొనే కవాటం అవసరం. ఇంధన మట్టాన్ని చూపే పరికరాన్ని కొత్త ఆకారానికి అనుగుణంగా సరిచూడాలి, లేకపోతే మీటరు తప్పు చూపుతుంది. లోపల విద్యుత్ పంపు ఉండే వాహనాలలో ఆ పంపును చల్లబరిచేది ఇంధనమే కనుక, లోతు తక్కువైతే పంపు త్వరగా చెడిపోతుంది.

పూర్తయిన ట్యాంకును నీటితో నింపి పరీక్షించాలి. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 34 ప్రకారం లోహపు ట్యాంకు లోపల కనీసం 0.3 బార్ పీడనాన్ని ఒక నిమిషం పాటు తట్టుకోవాలి. ఇది చిన్న సంఖ్యగా కనిపించినా, 50 సెం.మీ. వెడల్పు, 60 సెం.మీ. పొడవు గల గోడ మీద ఇది సుమారు 900 కిలోల బరువుతో సమానం. గాలితో ఇదే పరీక్ష చేస్తే అతుకు తెగినప్పుడు ట్యాంకు బాంబు వలె విడిపోతుంది. నీరైతే చిమ్మి ఊరుకుంటుంది.

వించ్ బిగింపు, విద్యుత్ సరఫరా

వించ్ లాగుడు బలమంతా ఛాసిస్ కమ్మీలకు చేరాలి. వెనుక అడ్డకమ్మీ ఒక్కదాని మీద ఆధారపడితే అది వంగిపోవచ్చు. ఎట్టి పరిస్థితిలోనూ ట్యాంకును వించ్ పళ్ళేనికి కలపరాదు. ఎగుడుదిగుడు నేల మీద ఛాసిస్ మెలి తిరుగుతుంది కనుక ట్యాంకును రబ్బరు దిమ్మెల మీద, పట్టీలతో నిలపాలి. వించ్‌కు, ట్యాంకుకు మధ్య ఉక్కు పలకను అడ్డుగా ఉంచాలి.

పూర్తి బరువు లాగేటప్పుడు 12 వోల్టుల వించ్ 400 ఆంపియర్లకు పైగా విద్యుత్తును తీసుకోవచ్చు. బ్యాటరీ ముందు, వించ్ వెనుక ఉంటే తీగ పోవడానికి 5 మీటర్లు, రావడానికి 5 మీటర్లు అనుకుందాం. 50 చదరపు మి.మీ. రాగి తీగలో 400 ఆంపియర్ల వద్ద సుమారు 1.4 వోల్టులు దారిలోనే నష్టమవుతాయి, అంటే 12 వోల్టులలో పదో వంతుకు పైగా. అందువలన లావు తీగను వాడాలి, లేదా వెనుకనే మరొక బ్యాటరీని పెట్టాలి. ఈ తీగ ట్యాంకు పక్క నుండి పోతుంది కనుక దానికి గట్టి తొడుగు, బ్యాటరీ వద్ద విద్యుత్తును పూర్తిగా తెంచే స్విచ్చు ఉండి తీరాలి. నిప్పురవ్వలు వచ్చే స్విచ్చు పెట్టెను ట్యాంకు గాలి గొట్టానికి దూరంగా ఉంచాలి.

లాభనష్టాలు

110 వాహనంలో 80 లీటర్ల ట్యాంకును 55 లీటర్లకు తగ్గించారని అనుకుందాం. కఠినమైన దారిలో 100 కిలోమీటర్లకు 25 లీటర్లు ఖర్చయితే, నిండు ట్యాంకుతో పోగల దూరం 320 నుండి 220 కిలోమీటర్లకు పడిపోతుంది. మిగిలిన ఇంధనాన్ని డబ్బాలలో మోయడం కొత్త ప్రమాదానికి దారి తీస్తుంది. 25 లీటర్ల డీజిల్ తగ్గితే సుమారు 21 కిలోలు తగ్గుతాయి. వించ్, దాని చట్రం, రెండవ బ్యాటరీ కలిస్తే అంతకు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఈ బరువు వెనుక ఇరుసుకు అవతల ఉండటం వలన ముందు చక్రాల మీద భారం తగ్గి స్టీరింగ్ తేలికవుతుంది. వించ్ కిందకు వేలాడితే గట్లు దిగేటప్పుడు నేలకు తగులుతుంది.

భారతదేశంలో చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ విభాగం ప్రకారం, నమోదు పత్రంలోని వివరాలు తయారీదారు నిర్ణయించిన వాటికి భిన్నంగా ఉండే విధంగా యజమాని వాహనాన్ని మార్చరాదు. ఖాళీ వాహనపు బరువు కూడా అట్టి వివరాలలో ఒకటి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని నొక్కి చెప్పింది. అదే సంవత్సరపు సవరణ చట్టం అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు శిక్ష గాని, లేదా రెండూ గాని విధించవచ్చునని పేర్కొన్నది. కనుక ఇటువంటి మార్పు చేసిన వాహనాన్ని రహదారి మీద నడపదలచిన వారు ముందుగా రవాణా శాఖ అధికారులను, బీమా సంస్థను సంప్రదించాలి. పోటీలకు మాత్రమే వాడే వాహనాలను సాధారణంగా మరొక వాహనం మీద ఎక్కించి పోటీ స్థలానికి తీసుకొని వెళ్తారు.